చదునైన పాదం, నడకకు అయ్యే ఖర్చు

సభకు నమస్కారం. ఈ రోజు ఇక్కడ వ్యాయామ ఉపాధ్యాయులు, పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమవుతున్న అభ్యర్థులు, చిన్నపిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా ఉన్నారు కాబట్టి, మీ అందరికీ సంబంధించిన ఒక ప్రశ్ననే ప్రసంగాంశంగా తీసుకున్నాను. పాదం చదునుగా ఉన్న మనిషికి నడవడానికి మిగతావారికంటే ఎక్కువ శక్తి ఖర్చవుతుందా, అయితే ఎంత, ఎందుకు అన్నదే ఆ ప్రశ్న.

మన తెలుగు రాష్ట్రాల పోలీసు నియామక ప్రకటనల్లో మోకాళ్లు ఒకదానికొకటి తగలడం, మెల్లకన్ను, కాళ్లలో సిరలు ఉబ్బడం వంటి అనర్హతల సరసన ఫ్లాట్ ఫుట్ కూడా కనిపిస్తుంది. ఆ మాట చదివిన రోజు నుంచి తడిపాదాన్ని నాపరాయి మీద మోపి, పడిన ముద్రను పదే పదే చూసుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. అరికాలి లోపలివైపు ఖాళీ కనిపిస్తే ఊపిరి పీల్చుకుంటారు, కనిపించకపోతే ఏళ్ల తరబడి చేసిన సాధన వృథా అయినట్టు కుంగిపోతారు. చదునైన పాదం గలవాడు దూరం నడవలేడు, కవాతులో త్వరగా అలసిపోతాడు అన్న పాతకాలపు సైనిక నమ్మకమే ఈ నిబంధనకు మూలం. అలసట ఎంతో చెప్పడం కష్టమేగాని, నడకకు ఎంత శక్తి ఖర్చయిందో కొలవడం సాధ్యమే. వందేళ్లకు పైగా కొలుస్తూనే ఉన్నారు. ఆ కొలతలు చూసిన తరువాత నాకు కలిగిన నిశ్చయాన్ని ముందే చెబుతాను: పాదం ఆకారాన్ని చూసి నడక ఖర్చును లెక్కకట్టలేము. పాదం ఎంత సుళువుగా కదులుతోంది, దానిని నిలబెట్టడానికి కండరాలు ఎంత శ్రమపడుతున్నాయి, నొప్పి ఉందా లేదా అన్నవే ఆ ఖర్చును నిర్ణయిస్తాయి.

ముందుగా కొలిచే పద్ధతి చూద్దాం. కండరం పనిచేయాలంటే ఆమ్లజని, అంటే ఆక్సిజన్ కావాలి. ఒక లీటరు ఆమ్లజని వాడుకున్నప్పుడు శరీరం సుమారు 5 కిలోకేలరీల శక్తిని విడుదల చేస్తుంది. అందువల్ల మనిషి పీల్చి వదిలిన గాలిని సేకరించి, అందులో ఎంత ఆమ్లజని తగ్గిందో చూస్తే ఖర్చు తెలిసిపోతుంది. 1911లో ఇంగ్లండుకు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త డగ్లస్ ఇందుకోసం మనిషి వీపుకు తగిలించుకుని నడవగలిగే సంచీని వాడుకలోకి తెచ్చాడు. నేటి పరికరాలు ఆ పనినే ప్రతి శ్వాసకూ చేస్తున్నాయి. విశ్రాంతిగా ఉన్న మనిషి కిలో బరువుకు నిమిషానికి సుమారు 3.5 మిల్లీలీటర్ల ఆమ్లజని వాడుకుంటాడు. నిమిషానికి 80 మీటర్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 5 కిలోమీటర్ల చొప్పున చదునైన నేల మీద హాయిగా నడిచేటప్పుడు అది 12 మిల్లీలీటర్ల దాకా పెరుగుతుంది. దూరాన్నిబట్టి లెక్కిస్తే, కిలో బరువుకు మీటరుకు 0.15 మిల్లీలీటర్లు. అరవై కిలోల మనిషి ఒక కిలోమీటరు నడిస్తే తొమ్మిది లీటర్ల ఆమ్లజని, అంటే సుమారు 45 కిలోకేలరీలు ఖర్చవుతాయన్నమాట.

ఈ అంకె చిన్నదిగా ఉండటానికి కారణం ఉంది. నడకలో నేల మీద ఉన్న కాలు తలకిందులైన లోలకంలా పనిచేస్తుంది; శరీరం పైకి లేచినప్పుడు దాచుకున్న శక్తి కిందికి వాలేటప్పుడు ముందుకు కదిలే శక్తిగా మారుతుంది. అనుకూలమైన వేగంలో ఈ మార్పిడి వల్ల మూడింట రెండు వంతుల దాకా యాంత్రిక శక్తి ఆదా అవుతుంది. వేగం మరీ తగ్గినా, మరీ పెరిగినా ఈ మార్పిడి కుంటుపడి, మీటరుకు అయ్యే ఖర్చు పెరుగుతుంది. నొప్పి గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది కాబట్టి దీనిని కొంచెం గుర్తుంచుకోండి.

ఇక పాదం నిర్మాణానికి వద్దాం. ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉన్నాయి. మడమ నుంచి బొటనవేలి మొదలు వరకు లోపలివైపు సాగే వంపునే మనం సాధారణంగా పాదపు వంపు అంటాం. దాని కింద మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా ప్లాంటార్ ఫేషియా అనే గట్టి పట్టీ ఉంటుంది. అడుగు చివర మడమ లేచి, వేళ్లు పైకి వంగినప్పుడు ఈ పట్టీ వేళ్ల మొదళ్ల చుట్టూ బిగుసుకుని, వంపును పైకి లేపి, పాదాన్ని గట్టిపరుస్తుందని హిక్స్ అనే శాస్త్రవేత్త 1954లో వివరించాడు. అంటే ఒకే పాదం నేలను తాకినప్పుడు మెత్తగా లొంగాలి, నేలను తన్నేటప్పుడు గట్టిగా నిలవాలి. చదునైన పాదంలో ఇబ్బంది ఉంటే అది ఎక్కువగా ఈ రెండో దశలోనే కనిపిస్తుంది. లొంగిన పాదం సమయానికి గట్టిపడకపోతే పిక్క ఇచ్చిన తోపు కొంత పాదం మధ్యలోనే కరిగిపోతుంది.

పొడవునా ఉన్న వంపు ఒక్కటే పాదానికి బిగువు ఇవ్వదు. పలుచటి కాగితాన్ని ఒక అంచు పట్టుకుని చాపితే రెండో అంచు వాలిపోతుంది. పట్టుకున్న చోట దానిని అడ్డంగా కాస్త వంచితే వాలకుండా నిలుస్తుంది. పాదంలో కూడా లోపలి అంచు నుంచి బయటి అంచుకు అలాంటి అడ్డవంపు ఉంది. పాదం బిగువులో నలభై శాతానికి పైగా ఈ అడ్డవంపు నుంచే వస్తుందని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన మధుసూదన్ వెంకటేశన్, ఆయన సహచరులు 2020లో నేచర్ పత్రికలో ప్రకటించారు. తడిముద్రలో ఈ అడ్డవంపు కనిపించదు. ముద్ర నిండుగా పడిన పాదాలు కొన్ని చక్కగా గట్టిపడగలగడానికి ఇది ఒక వివరణ అవుతుంది. ముద్ర చూసి మనిషి భవిష్యత్తును తేల్చడం సరికాదని నేను గట్టిగా అనడానికి ఈ పరిశోధన కూడా ఒక ఆధారం.

ఇప్పుడు అసలు కొలతలు. చదునైన పాదాలతో నడకకు అయ్యే శక్తి ఖర్చు మీద టర్కీకి చెందిన ముగ్గురు పరిశోధకులు 1988లో ఒక వ్యాసం ప్రచురించారు. చదునైన పాదాలున్నవారిని వంపుకు ఆనిక ఇచ్చే అట్ట చెప్పులో పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి నడిపించి ఆమ్లజని వినియోగాన్ని కొలిచారు. ఆనిక ఉన్నప్పుడు వినియోగం తగ్గింది. ఈ ఫలితాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ దాని పరిధిని గుర్తించాలి: అది కొద్దిమంది మీద జరిగిన అధ్యయనం, పైగా ఇలాంటి కొలతల్లో ఒకే మనిషికి రెండు వేర్వేరు రోజుల్లోనే కొద్ది శాతం తేడా వస్తుంది. అంత చిన్న తేడాలను నమ్మకంగా పట్టుకోవాలంటే ఎక్కువమందిని, ఎక్కువసార్లు కొలవాలి.

ఈ ఫలితాన్ని పరుగుతో పోల్చి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త మెక్‌నీల్ అలెగ్జాండర్ బృందం 1987లో చేసిన పరీక్షల్లో, పరుగులో ఒక్కో అడుగుకు శరీరం మార్చుకునే శక్తిలో సుమారు 17 శాతాన్ని పాదపు వంపు, 35 శాతాన్ని పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే అకిలిస్ స్నాయుబంధనం సాగి దాచుకుని, తిరిగి ఇస్తున్నట్టు లెక్క తేలింది. ఆ తరువాత 2016లో ఆస్ట్రేలియాలో, వంపు కిందికి కుంగకుండా అడ్డుకునే ప్రత్యేకమైన అట్టలను చెప్పుల్లో పెట్టి ఆరోగ్యవంతులను నడిపించారు, పరుగెత్తించారు. చదునైన నేల మీద పరుగు ఖర్చు ఆరు శాతం పెరిగింది. నడకలో మాత్రం చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. వంపు ఇచ్చే స్ప్రింగు లాభం పరుగులోనే ఎక్కువ, నడకలో తక్కువ అని దీనివల్ల అర్థమవుతోంది. నడకలో పాదం దాచుకోవలసిన శక్తే స్వల్పం. అక్కడ లోలకం పద్ధతి ప్రధానం. అయితే ఈ పరీక్షలో పాల్గొన్నవారి వంపు సహజంగా బాగానే ఉంది, దానిని అట్టతో బంధించారు. చదునైన పాదం విషయంలో జరిగేది అచ్చంగా ఇదే కాదు. 1600 మీటర్ల పరుగుకు సిద్ధమవుతున్న అభ్యర్థులు ఈ ఆరు శాతాన్ని తమకు అన్వయించుకుని బెంగపడనవసరం లేదని ఇందుకే చెబుతున్నాను.

నడకలో ఖర్చు పెద్దగా పెరగకపోతే, చదునైన పాదాలున్నవారిలో కొందరు సాయంత్రానికి కాళ్లు లాగేస్తున్నాయని ఎందుకు అంటారు? వారి మాట అబద్ధం కాదు. ఇందాకటి లెక్కనే తీసుకుందాం. అరవై కిలోల మనిషికి నడక ఖర్చు పది శాతం పెరిగిందనే అనుకుందాం. కిలోమీటరుకు నాలుగున్నర కిలోకేలరీలు అదనం, ఐదు కిలోమీటర్లకు ఇరవై రెండున్నర. శరీరం మొత్తానికి ఇది అతి స్వల్పం, దీనివల్ల ఎవరూ సొమ్మసిల్లరు. కానీ ఆ అదనపు భారం శరీరమంతటా సమానంగా పడదు. పిక్క లోతులో మొదలై, చీలమండ లోపలి గుబ్బ వెనుకగా దిగి, పాదం మధ్య ఎముకలకు అతుక్కునే టిబియాలిస్ పోస్టీరియర్ అనే కండరం వంపును పైకి పట్టి ఉంచడంలో ముఖ్యమైనది. చదునైన పాదాలున్నవారు నడిచేటప్పుడు ఈ కండరం మరింత బలంగా పనిచేస్తున్నట్టు 2009లో ఆస్ట్రేలియా పరిశోధకులు కండరాల విద్యుత్ సంకేతాలను నమోదు చేసి చూపించారు. ఇది చిన్న కండరం. మొత్తం ఆమ్లజని లెక్కలో దాని వాటా ఎంత కొద్దిదంటే, అది రెట్టింపు శ్రమపడినా ముఖానికి తొడిగిన గొట్టంలో ఆ తేడా దాదాపు కనిపించదు; కానీ ఆ శ్రమ పడుతున్న మనిషికి చీలమండ లోపలివైపు, పిక్క లోపల నొప్పి తప్పకుండా తెలుస్తుంది. కాబట్టి పరికరంలో తేడా లేదు, నీకేమీ లేదు అని పంపేయడం వైద్యం కాదు. శరీరమంతటి ఖర్చు వేరు, ఒక కండరం మోస్తున్న భారం వేరు. ఈ రెండింటినీ విడివిడిగా అడిగి తెలుసుకోవాలి.

నిజానికి మెత్తటి చదును పాదం, బిగుసుకున్న చదును పాదం అనే తేడాయే అన్నిటికంటే ముఖ్యమైనది. నిలబడినప్పుడు వంపు లేకుండా, కూర్చుని కాలు వేలాడదీసినప్పుడు వంపు కనిపిస్తే అది మెత్తటి పాదం. బొటనవేలిని చేత్తో పైకి ఎత్తినా, మునివేళ్ల మీద లేచినా దాని వంపు తిరిగి వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కెనడా సైన్యంలో 3,619 మంది పాదాలను పరీక్షించిన హ్యారిస్, బీత్ అనే వైద్యులు 1947లో వెలువరించిన నివేదికలో, వంపు తక్కువగా ఉన్నా చక్కగా కదిలే పాదం సాధారణంగా సైనికుడికి అడ్డంకి కాదని తేల్చారు. ఇబ్బంది పెట్టేవి రెండు రకాలని వారు గుర్తించారు: అతిగా వదులుగా ఉండి, మడమ స్నాయుబంధనం కురచగా ఉన్న పాదం ఒకటి, ఎముకలు పుట్టుకతోనే ఒకదానితో ఒకటి కలిసిపోయి బిగుసుకున్న పాదం రెండోది. మన దేశ సాయుధ దళాల అధికారుల ఎంపికలో ఉన్న వైద్య ప్రమాణం కూడా ఈ తేడాను గుర్తిస్తుంది: మునివేళ్ల మీద నిలబడినప్పుడు వంపు తిరిగి కనిపించి, మునివేళ్ల మీద గెంతుతూ పరుగెత్తగలిగి, పాదం సుళువుగా, నొప్పి లేకుండా ఉంటే ఆ అభ్యర్థిని అంగీకరించవచ్చునని ఆ ప్రమాణం చెబుతుంది. ఇది శాస్త్రబద్ధమైన నిబంధన. అన్ని నియామకాల్లోనూ చదునైన పాదాన్ని ఒక్క మాటతో తోసివేయకుండా ఈ పరీక్ష చేయాలని నేను కోరుకుంటున్నాను. అమెరికా సైన్యంలో 246 మంది పదాతిదళ శిక్షితుల మీద 1993లో వెలువడిన అధ్యయనంలోనైతే, శిక్షణ కాలపు గాయాలు అతి చదునైన పాదాలవారిలోనే తక్కువగా, వంపు ఎక్కువగా ఉన్నవారిలో ఎక్కువగా కనిపించాయి.

బిగుసుకున్న పాదం, నొప్పి పెట్టే పాదం సంగతి వేరు. నొప్పి ఉన్న మనిషి మొదట చేసే పని వేగం తగ్గించడం. ఇందాక చెప్పినట్టు, నెమ్మదించిన కొద్దీ లోలకపు ఆదా తగ్గుతుంది. పైగా అదే దూరానికి ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి, నిలబడి ఉండటానికే శరీరం చేసే ఖర్చు ప్రతి మీటరు మీదా అదనంగా పడుతుంది. నిమిషానికి చూస్తే అతడు తక్కువే ఖర్చు చేస్తున్నట్టు కనిపిస్తాడు, బస్టాండు చేరేసరికి మాత్రం ఎక్కువ ఖర్చు చేసి ఉంటాడు. నడక ఖర్చును ఎప్పుడూ దూరంతో భాగించి చూడాలనడానికి కారణం ఇదే.

ఇక్కడ పెద్దవారికి ఒక ముఖ్యమైన హెచ్చరిక. చిన్ననాటి నుంచి ఉన్న చదును పాదం ఒకటి, నడివయసులో కొత్తగా కుంగిన పాదం మరొకటి. టిబియాలిస్ పోస్టీరియర్ స్నాయుబంధనం అరిగి బలహీనపడితే, అంతకుముందు బాగున్న వంపు ఒకవైపే నెమ్మదిగా కుంగిపోతుంది. నడివయసు దాటిన స్త్రీలలో, బరువు ఎక్కువగా ఉన్నవారిలో ఇది ఎక్కువ. ఆ ఒక్క కాలి మీదే నిలబడి మడమ లేపలేకపోవడం, వెనుక నుంచి చూస్తే ఆ పాదం బయటివైపు వేళ్లు ఎక్కువగా కనిపించడం దీని గుర్తులు. ఇంతకంటే ప్రమాదకరమైనది మధుమేహం వల్ల స్పర్శ తగ్గిన పాదంలో జరిగేది. పాదం ఒకవైపే ఎర్రబడి, వెచ్చగా వాచి, నొప్పి మాత్రం అంతగా లేకపోతే అది షార్కో పాదం కావచ్చు. అందులో ఎముకలు విరిగి, కీళ్లు జారి వంపు మొత్తం కూలిపోతుంది. నొప్పి లేదు కదా అని నడుస్తూ ఉంటే వారాల్లోనే పాదం పాడవుతుంది. మధుమేహం మన ఇళ్లలో ఇంత విస్తారంగా ఉన్నందువల్ల ఈ ఒక్క సంగతిని మీ ఇంట్లోని పెద్దలకు తప్పకుండా చెప్పండి; అలాంటి పాదం మీద బరువు మోపకుండా, ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి.

తల్లిదండ్రుల ఆందోళన వేరే రకం. మూడేళ్ల పిల్లవాడి పాదం చదునుగా ఉందని ఖరీదైన బూట్లు కొనేవారున్నారు. ఆస్ట్రియాలో మూడు నుంచి ఆరేళ్ల మధ్య వయసున్న 835 మంది పిల్లలను పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మూడేళ్లవారిలో 54 శాతం మందికి, ఆరేళ్లవారిలో 24 శాతం మందికి చదును పాదాలు కనిపించాయి. అంటే ఎక్కువమందిలో వంపు వయసుతో పాటు తనంతట తానే ఏర్పడుతుంది. ప్రత్యేకమైన బూట్లు, అట్టలు ఆ పనిని త్వరపెడతాయా అని అమెరికాలోని వైద్యులు మూడేళ్లపాటు పిల్లలను విడివిడి బృందాలుగా గమనించి, 1989లో తమ ఫలితాలను వెల్లడించారు. అట్టలు వాడిన పిల్లలకూ, వాడని పిల్లలకూ తేడా కనబడలేదు. మన దక్షిణాదిలోనే, మణిపాల్ వైద్యులు 4 నుంచి 13 ఏళ్ల వయసున్న 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి 1992లో ప్రకటించిన ఫలితాలు ఇంకా ఆలోచింపజేసేవి: పాదరక్షలు వాడే పిల్లల్లో చదును పాదం 8.6 శాతం, వాడనివారిలో 2.8 శాతం. వేళ్లను మూసేసే బూట్లు వేసుకునేవారిలో అత్యధికం, చెప్పులు వాడేవారిలో అంతకంటే తక్కువ. దీనర్థం పిల్లలను బురదలో, ముళ్లలో ఉత్తకాళ్లతో తిప్పమని కాదు. కొంకిపురుగులు, గాయాలు నిజమైన ప్రమాదాలే. ఇంట్లో, వాకిట్లో, శుభ్రమైన ఇసుకలో పాదాన్ని స్వేచ్ఛగా ఆడనివ్వండి, నొప్పి లేని పిల్లవాడికి రోగి అన్న ముద్ర వేయకండి అన్నది మాత్రం నా మనవి.

అట్టలు, ప్రత్యేక బూట్లు వద్దేవద్దని నేను అనడం లేదు. నొప్పి ఉన్నవారిలో కొందరికి అవి మేలు చేస్తాయి. అయితే పాదానికి తగిలించిన బరువు చాలా ఖరీదైనది. పాదాల మీద మోసే కిలో బరువుకు, అదే కిలోను మొండెం మీద మోసినప్పటికంటే వేగాన్నిబట్టి నాలుగు నుంచి ఆరు రెట్ల ఖర్చు అవుతుందని 1969లోనే కొలిచారు. వంపుకు ఆనిక ఇచ్చి మిగిల్చిన శక్తిని బరువైన బూటు తిరిగి లాగేసుకోగలదు కాబట్టి, తేలికగా ఉండటం కూడా ఎంపికలో ఒక షరతు కావాలి.

మీకు ఉపయోగపడుతోందా లేదా అని ప్రయోగశాల లేకుండానే కొంతవరకు చూసుకోవచ్చు. మెక్‌గ్రెగర్ అనే వారు ప్రతిపాదించిన పద్ధతి ఒకటుంది: నడుస్తున్నప్పటి నాడి వేగం నుంచి విశ్రాంతిలోని నాడి వేగాన్ని తీసివేసి, వచ్చినదాన్ని నిమిషానికి నడిచిన మీటర్లతో భాగించాలి. విశ్రాంతిలో నాడి 75, నడకలో 105, ఆరు నిమిషాల్లో నడిచిన దూరం 450 మీటర్లు అనుకోండి. నిమిషానికి 75 మీటర్లు. ముప్పైని డెబ్బై ఐదుతో భాగిస్తే 0.4, అంటే ప్రతి మీటరుకు గుండె అదనంగా 0.4 సార్లు కొట్టుకుంటోంది. ఆరోగ్యవంతులైన పెద్దల్లో ఈ అంకె సాధారణంగా ఈ చుట్టుపక్కలే ఉంటుంది. వ్యాయామ ఉపాధ్యాయులు పాఠశాల మైదానంలో గీత గీసిన ట్రాక్ మీద దీన్ని సులభంగా చేయించగలరు. అట్ట పెట్టి ఒకసారి, తీసి ఒకసారి, మధ్యలో నాడి మామూలు స్థితికి వచ్చేదాకా కూర్చోబెట్టి, ఒకే చెప్పులతో, ఒకే పూట, తనకు హాయిగా ఉన్న వేగంతో నడిపించాలి. కాఫీ, టీ తాగిన వెంటనే, ఎండవేళ, పరీక్ష భయంతో ఉన్నప్పుడు నాడి దానంతట అదే పెరుగుతుంది కాబట్టి అప్పుడు కొలవకూడదు. మరో రోజు అట్ట లేని నడకను ముందు, ఉన్న నడకను తరువాత ఉండేలా వరుస మార్చి మళ్లీ చేయాలి. అంకెతో పాటు, నడిచిన వెంటనే చీలమండ లోపలివైపు నొప్పి ఉందా, ఉంటే పదింటికి ఎంత అని అడిగి పక్కనే రాసుకోండి. చిన్న కండరం మోసే భారం నాడిలో తెలియకపోయినా ఆ గడిలో తెలుస్తుంది.